గోటిని తాకేవి, చర్మాన్ని తాకేవి: ఇంట్లో మానిక్యూర్‌కి ఏమేం కావాలి?

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది ఇంట్లో మానిక్యూర్ కిట్ ఉంది? జిప్పు ఉన్న చిన్న పెట్టె, లోపల వరసగా గుచ్చిన స్టీలు పనిముట్లు. చేతులెత్తండి. చాలామంది దగ్గరే ఉంది. మరి అందులో మీరు నిజంగా వాడేవి ఎన్ని? నెయిల్ కటర్ వాడతారు. ఫైల్ వాడతారు. ఆ తర్వాత? రెండు కొనలు విడిపోయి ‘వి’ ఆకారంలో ఉండే ఒక పుల్ల లాంటిది ఉంటుంది కదా, అది దేనికో ఎవరైనా చెప్పగలరా? కొందరు తల ఊపుతున్నారు. దాన్ని క్యూటికల్ ట్రిమ్మర్ అంటారు. గోరు మొదట్లో ఉండే చర్మాన్ని చెక్కేయడానికి పెట్టారు దాన్ని. ఇవాళ ఇంటికి వెళ్ళాక మీరు చేయాల్సిన మొదటి పని, దాన్ని ఆ పెట్టెలోంచి తీసి పక్కన పెట్టేయడం. ఎందుకో చెబుతాను.

గోరు నిర్జీవమైనది. మనకు కనబడే ఆ గట్టి పలక అంతా కెరటిన్ అనే ప్రోటీన్‌తో నిండిన మృతకణాల పొరలు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు. కానీ దాని చుట్టూ ఉన్న చర్మం సజీవం. దాని కింద ఉన్న మెత్తటి పడక సజీవం. గోరు పుట్టే చోటు, అంటే గోటి మొదట్లో చర్మం కింద దాగి ఉండే చోటు, అదీ సజీవమే. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా అర్ధచంద్రంలా కనిపిస్తుంది చూడండి, అది ఆ పుట్టుక చోటులో బయటికి కనబడే అంచు.

కాబట్టి ఏ పనిముట్టు చేతిలోకి తీసుకున్నా ఒక్కటే అడగండి. ఇది దేన్ని తాకుతుంది? నిర్జీవమైన గోటినా, సజీవమైన చర్మాన్నా? గోటిని తాకేదైతే నునుపుగా పని చేయాలి. చర్మాన్ని తాకేదైతే మొద్దుగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి. మొద్దుగా, శుభ్రంగా. ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ చర్మం సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే. గోటి మొదట్లో చర్మం మడత ఒకటి ఉంటుంది. ఆ మడత కింద నుంచి పల్చటి పొర ఒకటి గోటి మీదికి అతుక్కుని వస్తుంది. ఆ పల్చటి పొర మృతచర్మం, అది క్యూటికల్. పైన ఉన్న మడత బతికున్న చర్మం. ఈ రెండూ కలిసి సీలు వేసినట్టు మూసి ఉంచడం వల్లే నీళ్ళు, బాక్టీరియా, ఫంగస్ గోరు పుట్టే చోటికి చేరవు. మనం ఏం చేస్తాం? అందంగా కనబడాలని ఆ సీలునే కత్తిరించేస్తాం. తర్వాత రెండు రోజులకు ఆ పక్క ఎర్రబడి, వాచి, చీము పట్టి, వేలు సలుపుతుంటే ఏమైందో అర్థం కాదు. అదే గోరుచుట్టు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదమ్మా, ఆ నొప్పి పడ్డవాళ్ళని అడగండి. చర్మవైద్యులు ఎప్పుడూ చెప్పేది ఒకటే, క్యూటికల్‌ని కత్తిరించొద్దు అని. తెలిసిన బ్యూటీషియన్ చేతిలోనైనా సరే, కత్తిరిస్తుంటే ‘వద్దండీ, వెనక్కి నెట్టండి చాలు’ అని చెప్పే హక్కు మీకుంది.

మరి నెట్టడానికి ఏం కావాలి? ఆరెంజ్ స్టిక్ చాలు. ఒక కొన ఏటవాలుగా ఉండే చిన్న కర్రపుల్ల. స్టీలు పుషర్ కంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ కర్రపుల్లే మంచిదంటాను. స్టీలు చేతికి బరువు తెలియకుండా గట్టిగా నొక్కుకుపోతుంది. ఆ నొక్కుడు గోరు పుట్టే చోట పడితే, కొన్ని వారాల తర్వాత గోటి మీద అడ్డంగా గాడి పడి కనిపిస్తుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఆ గాడి చివరిదాకా జరిగి పోవడానికి దాదాపు 6 నెలలు. ఒక్క నిమిషం తొందరపాటుకి ఆరు నెలలు! అందుకే కర్రపుల్ల అంటున్నాను. దాని కొనకి కొంచెం దూది చుట్టండి, ఇంకా మెత్తగా ఉంటుంది. కర్రని కడిగి క్రిములు లేకుండా చేయలేం కాబట్టి కొన్నిసార్లు వాడాక పారేయండి, ఒకరిది ఇంకొకరు వాడొద్దు.

స్నానం చేసి వచ్చాక క్యూటికల్ మెత్తబడి ఉంటుంది, అప్పుడు నెట్టడం తేలిక. ఇంకా మొండిగా అతుక్కుని ఉంటే క్యూటికల్ రిమూవర్ అని సీసాలో దొరుకుతుంది. దీని గురించి ఒక హెచ్చరిక. అది క్రీము కాదు. చాలావాటిలో పొటాషియం హైడ్రాక్సైడో సోడియం హైడ్రాక్సైడో ఉంటుంది. మృతచర్మాన్ని కరిగించేది అదే. బతికున్న చర్మం మీద ఎక్కువసేపు ఉంచితే దాన్నీ కాలుస్తుంది. సీసా మీద ఎన్ని నిమిషాలని రాశారో అంతే ఉంచండి, తర్వాత సబ్బుతో బాగా కడగండి. చర్మం తెగి ఉంటే అసలు వాడకండి.

నిప్పర్, అంటే చర్మాన్ని కత్తిరించే ఆ చిన్న పటకారు లాంటి పనిముట్టు, దాని సంగతి ఎవరో అడుగుతున్నారు. అవునమ్మా, నిప్పర్‌కి ఒకే ఒక్క పని ఉంది. వేలి పక్కన చర్మం సన్నగా లేచి, బట్టకి తగులుకుని బాధ పెడుతుంది కదా, ఆ లేచిన పోగుని మొదట్లో కత్తిరించడానికి. లాగకుండా, పీకకుండా, పంటితో కొరక్కుండా. పంటితో లాగితే అది బతికున్న చర్మంలోకి చీరుకుపోతుంది. ఆ ఒక్క పనికోసం పదునైన, చిన్న నిప్పర్ ఒకటి ఉంచుకోండి. మొద్దుబారిన నిప్పర్ తెంపదు, చింపుతుంది. నేను మొద్దుగా ఉండాలన్నది నెట్టే పనిముట్ల గురించి, కోసేవాటి గురించి కాదు. కోసేది పదునుగానే ఉండాలి, మృతచర్మం దాటి పోకూడదు.

ఇక గోటి దగ్గరకి వద్దాం. నెయిల్ కటర్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రెండు అంచులు సరిగ్గా కలుస్తున్నాయో లేదో వెలుతురు వైపు పెట్టి చూడండి, మధ్యలో వెలుతురు కనబడితే అది గోటిని కొయ్యదు, నలిపేస్తుంది. ఒకే దెబ్బకి గోరంతా కత్తిరించకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించండి. మూలల్లోకి లోతుగా వెళ్ళొద్దు.

కానీ ఫైల్ గురించి మాత్రం కాసేపు ఆగుతాను. నన్నడిగితే ఇంట్లో మానిక్యూర్ బాగా వచ్చిందా రాలేదా అన్నది ఫైల్ దగ్గరే తేలిపోతుంది. రంగు దగ్గర కాదు. మీ కిట్‌లో వచ్చిన ఫైల్ ఎలాంటిది? స్టీలుది, మీద గీతలు ఉన్నది. అవునా? ఆ స్టీలు ఫైల్ గోటి అంచుని కోస్తుందే గాని నునుపు చేయదు. గోరంటే ఒకదాని మీద ఒకటి అతుక్కున్న పొరలని చెప్పాను కదా. అంచు గరుకుగా మిగిలితే ఆ పొరల మధ్యకి నీళ్ళు చేరతాయి, పొరలు విడిపోతాయి. ‘నా గోళ్ళు పొరలు పొరలుగా లేచిపోతున్నాయి, ఏ మాత్ర వేసుకోవాలి’ అని నన్ను అడిగేవాళ్ళకి నేను ముందు అడిగేది ఒకటే. ఫైల్ ఏది వాడుతున్నారు? రోజుకి ఎన్నిసార్లు చేతులు నీళ్ళల్లో పెడుతున్నారు? ఈ రెండూ తెలుసుకోకుండా మాత్రల దాకా వెళ్ళొద్దు.

మాత్రలన్నాను కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. గోళ్ళ కోసమని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్ళు రక్తపరీక్షకి వెళ్ళేటప్పుడు ఆ మాట డాక్టరుకి చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని పరీక్షల ఫలితాలని తప్పుగా చూపించగలదు. గుండె దెబ్బతిన్నదా లేదా అని చూసే ట్రోపోనిన్ పరీక్ష కూడా వాటిలో ఉంది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిమీద హెచ్చరిక ఇచ్చింది.

సరే, ఫైల్. ఏది కొనాలి? గాజు ఫైల్. గాజు ఉపరితలాన్నే సన్నగా గరుకు చేసి తయారు చేస్తారు. దాని గరుకుదనం చాలా సన్నం కాబట్టి అంచు నునుపుగా తేలుతుంది. సబ్బుతో కడగొచ్చు, మళ్ళీ వాడొచ్చు, కింద పడేయకపోతే ఏళ్ళ తరబడి ఉంటుంది. నేను ఒక్కటే కొనండి అని చెప్పాల్సి వస్తే, రంగు సీసా కాదు, గాజు ఫైల్ కొనండి అంటాను. అది దొరక్కపోతే అట్ట మీద గరుకు పూత ఉండే ఎమరీ బోర్డు. దానిమీద గ్రిట్ అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ ఫైల్ మెత్తన అవుతుంది. 80, 100 అని ఉన్నవి అతికించే కృత్రిమ గోళ్ళకి. సొంత గోళ్ళ మీద అవి పెట్టొద్దు. సొంత గోళ్ళకి 180 నుంచి 240. పల్చటి గోళ్ళయితే 240 వైపే ఉండండి. ఎమరీ బోర్డుని కడగలేం, అందుకే అది ఎవరిది వాళ్ళకే, అరిగాక చెత్తబుట్టకే.

ఫైల్ చేసేటప్పుడు గోరు పొడిగా ఉండాలి. ఇది రెండోసారి కూడా చెబుతాను, గోరు పొడిగా ఉండాలి. తడిసిన గోరు మెత్తబడి ఉంటుంది, అప్పుడు రాస్తే అంచు చీలుతుంది. పక్క నుంచి మధ్యకి, మళ్ళీ రెండో పక్క నుంచి మధ్యకి, తేలిగ్గా. రంపం కోసినట్టు అటూ ఇటూ లాగొద్దు.

ఇప్పుడు మీకు ఒక సందేహం రావాలి. వచ్చిందా? పార్లర్‌లో ముందు గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు పోసి చేతులు నానబెడతారు కదా, మరి పొడిగా అంటున్నారేంటి అని. నానబెడితే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ గోరు నీళ్ళని పీల్చుకుంటుంది, పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన గోటి మీద రంగు వేస్తే, తర్వాత గోరు ఆరి మళ్ళీ కుదురుకుంటుంది, పైన ఉన్న రంగు పొర మాత్రం దాంతోపాటు కుదురుకోలేదు. రెండో రోజుకే కొనల దగ్గర పెచ్చులు ఊడతాయి. ఖరీదైన పాలిష్ కొన్నా నిలవడం లేదని బాధపడేవాళ్ళు చాలామంది నానబెట్టిన వెంటనే రంగు వేసేవాళ్ళే. కాబట్టి ఆ గిన్నె మీ కిట్‌లో అక్కర్లేదు. చేతులు శుభ్రంగా కడగడానికి సబ్బు, గోళ్ళ కిందికి ఒక మెత్తటి బ్రష్. అంతే. గోరు కింద సూది మొనలాంటి వాటితో గీకకండి, గోరు పడక నుంచి విడిపోతుంది, ఆ సందులో తేమ చేరుతుంది.

బఫర్ కూడా కొంటారు మీరు. నాలుగు వైపులా నాలుగు రకాల గరుకుతో ఉండే దిమ్మ. దాంతో రుద్దితే గోరు అద్దంలా మెరుస్తుంది నిజమే. కానీ మెరుపు ఎక్కడి నుంచి వస్తోంది? పైపొర అరిగిపోతే వస్తోంది. గోరు సుమారు అర మిల్లీమీటరు మందం, అంతే. నెలకొకసారి, మెత్తటి వైపుతో, తేలిగ్గా. గోళ్ళు పల్చగా ఉన్నవాళ్ళు ఆ దిమ్మ జోలికే పోవద్దు.

అయ్యో, శుభ్రం సంగతి మర్చిపోకముందు చెప్పేయాలి. స్టీలు పనిముట్లు, అంటే కటర్, నిప్పర్, పుషర్, వాడాక ముందు సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి తోమండి. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. ముందే ఆల్కహాల్ పోస్తే? మురికి కింద దాగిన క్రిములని అది చేరలేదు. 99 శాతం అయితే ఇంకా బలంగా ఉంటుంది కదా అంటారు కొందరు. అలా కాదు. క్రిముల లోపలికి ఆల్కహాల్ చొరబడడానికి నీళ్ళు కావాలి, పైగా నీళ్ళు ఉంటేనే అది త్వరగా ఆవిరైపోకుండా కాసేపు పని చేస్తుంది. 70 శాతమే మంచిది. తర్వాత బాగా ఆరబెట్టి పెట్టెలో పెట్టండి. ఇంట్లోవాళ్ళమే కదా అని ఒకే కటర్ అందరూ వాడకండి. ఒకరి గోటికి ఫంగస్ ఉంటే అందరికీ పాకుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ, వాళ్ళకి చిన్న గాయం కూడా మానడానికి టైం పడుతుంది.

ఇప్పుడు సీసాల దగ్గరికి వచ్చాం. మీ అందరికీ ఇష్టమైన చోటు ఇదేనని తెలుసు.

ముందు రిమూవర్, అంటే పాత రంగుని తీసేది, ఇందాకటి క్యూటికల్ రిమూవర్ కాదు. అసిటోన్ ఉన్నదా, లేనిదా? అసిటోన్ చకచకా తీసేస్తుంది, కానీ గోటినీ చర్మాన్నీ ఎండబెడుతుంది. అసిటోన్ లేనివాటిలో సాధారణంగా ఇథైల్ అసిటేట్ ఉంటుంది, కాస్త నెమ్మది, ఎక్కువ రుద్దాలి. అసిటోన్ అంటే అంత భయపడక్కర్లేదని నా అభిప్రాయం. ముదురు రంగుని రుద్ది రుద్ది తీసేకన్నా, దూదిని తడిపి గోటి మీద పది సెకన్లు అదిమి, మొదట్నుంచి కొనకి ఒక్కసారి లాగడం మేలు. తర్వాత చేతులు కడిగి నూనె రాసుకోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అసిటోన్ చాలా తేలిగ్గా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర, సిగరెట్ దగ్గర వద్దు. కిటికీ తీసి పెట్టుకోండి.

రంగు వేసే ముందు, నూనె జిడ్డు లేకుండా రిమూవర్‌తో తడిపిన దూదితో ప్రతి గోటినీ ఒకసారి తుడవండి. జిడ్డు ఉంటే రంగు పట్టదు. ఆ తర్వాత బేస్ కోట్, అంటే రంగు కింద వేసే పూత. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. ఎర్ర రంగు తీసేశాక గోళ్ళు పసుపుపచ్చగా కనిపిస్తాయి చూశారా? ముదురు రంగులోని పిగ్మెంట్ గోటిలోకి ఇంకిపోవడం వల్ల అది. బేస్ కోట్ ఆ ఇంకడాన్ని తగ్గిస్తుంది, రంగు గట్టిగా పట్టుకోవడానికీ సాయపడుతుంది. టాప్ కోట్ పైన రక్షణ. డబ్బు తక్కువుంటే రంగులు రెండే కొనండి, కానీ బేస్, టాప్ తప్పనిసరిగా కొనండి.

పాలిష్ ఎలా ఆరుతుందో తెలిస్తే సగం సమస్యలు పోతాయి. అందులో నైట్రోసెల్యులోజ్ అనే పదార్థం ద్రావకాల్లో కరిగి ఉంటుంది. గోటి మీద వేశాక ద్రావకం ఆవిరై పోతుంది, పొర మిగులుతుంది. అంతే జరిగేది. మందంగా వేశామనుకోండి, పైన ముందు ఆరి మూసుకుపోతుంది, లోపలి ద్రావకం బయటికి రాలేక ఉండిపోతుంది. అందుకే పైకి ఆరినట్టున్నా రాత్రి దుప్పటి ముద్ర పడుతుంది! పల్చగా రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య రెండు మూడు నిమిషాలు. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడడం వేరు. గట్టిపడడానికి కొన్ని గంటలు పడుతుంది. పడుకునే ముందు వేసుకోకండి. చివర్లో గోటి కొన అంచుకి కూడా బ్రష్ ఒకసారి తగిలించండి, పెచ్చులు మొదలయ్యేది అక్కడే.

సీసాని పైకీ కిందకీ ఊపితే గాలి బుడగలు చేరతాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి. చిక్కబడితే రిమూవర్ పోయకండి, అందులో నీళ్ళు, నూనెలు కూడా కలిపి ఉండొచ్చు, రంగు విరిగిపోతుంది. పాలిష్ థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు చుక్కలు చాలు.

సీసా మీద ‘3 ఫ్రీ’, ‘5 ఫ్రీ’, ‘10 ఫ్రీ’ అని ఉంటుంది. 3 ఫ్రీ అంటే మామూలుగా టొల్యూన్, ఫార్మల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు రసాయనాలు లేవని. ఆపై అంకెలకి అందరూ ఒప్పుకున్న ఒకే లెక్కంటూ లేదు, కంపెనీ కంపెనీకీ మారుతుంది. అంకె చూసి మురిసిపోకుండా వెనక రాసిన పదార్థాలు చదవండి.

జెల్ పాలిష్ గురించి చీటీలు వచ్చాయి, నాలుగైదు ఒకే ప్రశ్నతో. ఇంట్లో జెల్ కిట్ కొనొచ్చా? నేను వద్దనే చెబుతాను. మామూలు పాలిష్ ఆరుతుంది, జెల్ ఆరదు. కిట్‌లోని అల్ట్రావయొలెట్ దీపం కాంతికి అందులో రసాయన చర్య జరిగి గట్టిపడుతుంది. దీపం చాలకపోయినా, జెల్ మందంగా వేసినా లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చి జెల్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. చాలా జెల్‌లలో ఉండే హెమా అనే పదార్థానికి అలర్జీ వస్తే అది గోళ్ళతో పోదు. అదే కుటుంబానికి చెందిన పదార్థాలు పళ్ళ ఫిల్లింగుల్లో కూడా ఉంటాయి, రేపు పంటి డాక్టర్ దగ్గర ఇబ్బంది. యూరోపియన్ యూనియన్‌లో హెమా ఉన్న గోళ్ళ ఉత్పత్తులు వృత్తిలో ఉన్నవాళ్ళే వాడాలని నియమం ఉంది. జెల్ గట్టిపడడానికి వాడే టీపీవో అనే పదార్థాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించారు. అయినా వాడతామంటారా, జెల్‌తోపాటు అదే కంపెనీ చెప్పిన దీపమే వాడండి, చర్మానికి తగలనివ్వకండి, వేళ్ళ కొనలు మాత్రమే బయటికి ఉండే గ్లవ్స్ వేసుకోండి. తీసేటప్పుడు గోటితో పెరికితే గోటి పైపొర దాంతోనే వచ్చేస్తుంది.

నూనె గురించి ఒక్క మాట. ఖరీదైన క్యూటికల్ ఆయిలే కానక్కర్లేదు. జొజోబా మంచిది, కొబ్బరి నూనె కూడా సరిపోతుంది, చేతులకి రాసే మందపాటి క్రీము అయినా సరే. ఏది రాశారన్నదాని కంటే రోజూ రాశారా అన్నది ముఖ్యం. గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటే ఆ నూనెకి సగం పని తప్పుతుంది.

చివరి చీటీ ఇది. ‘గోళ్ళ మీద తెల్ల మచ్చలున్నాయి, కాల్షియం తక్కువా?’ అని అడిగారు. ఎక్కువసార్లు కాదమ్మా. గోరు పుట్టే చోట ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ అది. గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగి పోతుంది. కానీ ఒకే గోటిలో కొత్తగా నల్లటి నిలువు గీత వచ్చినా, ఆ గీత వెడల్పవుతున్నా, గోరు పడక నుంచి లేచిపోతున్నా, రంగుతో కప్పకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. వెళ్ళే ముందు పది గోళ్ళకీ పాలిష్ తీసేసి వెళ్ళండి, మిగతా గోళ్ళతో పోల్చి చూడాల్సి ఉంటుంది వాళ్ళకి.